సోణుడి చెప్పులు

లెడ్‌విల్ సైకిల్ పందెం సంగతి తెలిసినవాళ్లు దాన్ని చూడటానికి ఊళ్లో నిలబడరు. ఊరికి దూరంగా, పవర్‌లైన్ అనే ఎక్కుడు దగ్గరికి పోయి నిలబడతారు. పెద్ద కరెంటు తీగల కింద అడవిని కొట్టి తీసిన బాట అది. వానలకు కోసుకుపోయి నిలువునా గాడులు పడి ఉంటుంది. పొద్దున అదే బాటలో జర్రున దిగిపోయినవాళ్లు మధ్యాహ్నం తిరుగుదారిలో, అప్పటికి దాదాపు 80 మైళ్లు తొక్కి, దాని అడుగుకు చేరతారు. చేరి, చాలామంది సైకిల్ దిగుతారు. హ్యాండిల్ మీదికి వాలిపోయి, సైకిల్‌ని తోసుకుంటూ ఒకరి వెనక ఒకరు ఎక్కుతారు. మాటలుండవు. గట్టి బూటు అడుగున బిగించిన ఉక్కుముక్క రాతికి గీసుకునే చప్పుడొక్కటే వినిపిస్తుంది.

నెలల తరబడి తొక్కడం సాధన చేసినవాళ్లకు అక్కడ నడక పరీక్ష అవుతుంది. ఎవరి మడమ బూటులో జారుతోందో, ఎవరి వేళ్ల కింద నిప్పు రాజుకుందో ఆ ఎక్కుడులో దాగదు.

లెడ్‌విల్ అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ 10,152 అడుగుల ఎత్తున ఉన్న పాత గనుల ఊరు. మన తిరుమల కొండకు మూడింతల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 70 శాతమే. పక్కనే ఉన్న క్లైమాక్స్ మాలిబ్డినం గని 1980ల మొదట్లో మూతపడి, ఊరికి ఊరే పనిలేక కూర్చున్నప్పుడు, ఆ గనిలోనే పనిచేసిన కెన్ క్లోబర్ 1983లో వంద మైళ్ల పరుగుపందెం మొదలుపెట్టాడు. బయటివాళ్లు పరుగెత్తడానికి వస్తారు, వచ్చినవాళ్లు ఒక రాత్రయినా ఉంటారు, నాలుగు రూకలు ఊళ్లో పడతాయని ఆశ. 1994లో దాదాపు అదే దూరానికి మౌంటెన్ బైక్ పందెం తోడైంది. కొలంబైన్ గని దాకా, అంటే 12,400 అడుగులు దాటిన ఎత్తు దాకా పోయి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. 12 గంటల్లోపు వస్తే నడుము పట్టీకి పెట్టుకునే బకిల్ ఒకటి ఇస్తారు. 9 గంటల్లోపు వస్తే ఇంకాస్త పెద్దది. 2023లో కీగన్ స్వెన్సన్ ఈ దారిని 5 గంటల 43 నిమిషాల్లో ముగించాడు. కానీ పవర్‌లైన్ మీద తోసుకుంటూ కనిపించే జనంలో చాలామందికి అలాంటి వేగంతో పని లేదు. వాళ్ల పోరు ఆ పన్నెండో గంటతో.

వాళ్లను ఎవరూ పొమ్మనలేదు. పోకపోతే అడిగేవాళ్లూ లేరు. అయినా ఏడాదిలో సగం రోజులు తెల్లవారకముందే లేచి, ఒళ్లు హూనం చేసుకుని, ఒక లోహపు బిళ్ల కోసం అక్కడికి వస్తారు. కోరి తెచ్చుకున్న కష్టానికి విలువ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఇక్కడ తప్పించుకోలేనిది. విలువ కష్టంలోనే ఉందనుకుంటే ఒక చిక్కుంది. అప్పుడు కష్టాన్ని తగ్గించే ప్రతి వసతీ ఆ విలువను తగ్గించాలి. కాలికి సరిగ్గా సరిపోయిన బూటు వేసుకున్నవాడి బకిల్, బొబ్బలతో వచ్చినవాడి బకిల్ కంటే చవకదని ఒప్పుకోవాలి. విలువ కష్టానికి అవతల ఉందనుకుంటే ఇంకో చిక్కు. అలాంటప్పుడు అవతలికి పోవడానికి ఇంత కష్టం దేనికి? కారు దారి ఉన్న కొండలూ ఉన్నాయి కదా.

తపస్సు అన్న మాటలోనే కాగడం, మాడటం ఉన్నాయి. కాబట్టి ఈ ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. దీనికి దొరికే జవాబుల్లో బాగా పాతదీ, బాగా పనికొచ్చేదీ ఒకటి ఏ తర్కగ్రంథంలోనూ లేదు. తోలు సామాన్లకు సంబంధించిన ఒక అధ్యాయంలో ఉంది. బౌద్ధ భిక్షువుల నియమాలన్నీ కూర్చిన వినయపిటకంలో మహావగ్గ అనే భాగం ఉంది. అందులో అయిదోది చమ్మక్ఖంధకం. చమ్మం అంటే చర్మం. భిక్షువులు ఏం తొడుక్కోవచ్చు, ఏం తొడుక్కోకూడదు అన్న లెక్కలన్నీ అక్కడున్నాయి. ఆ అధ్యాయం ఒక జత పాదాలతో మొదలవుతుంది.

చంపానగరంలో సోణ కోళివీసుడని ఒక శ్రీమంతుల బిడ్డ. కాలు కింద పెట్టనివ్వకుండా పెంచారేమో, అరికాళ్ల మీద వెంట్రుకలు మొలిచాయని కథ. మగధ రాజు బింబిసారుడికి ఆ పాదాలు చూడాలనిపించి కబురు పంపాడు. తల్లిదండ్రులు కొడుక్కి జాగ్రత్త చెప్పి పంపారు. రాజుగారి వైపు కాళ్లు చాపొద్దని, ఆయన ఎదుట పద్మాసనం వేసుకుని కూర్చుంటే అరికాళ్లు వాటంతటవే కనిపిస్తాయని. పెద్దల ముందు కాళ్లు చాపకూడదని మన ఇళ్లలో పిల్లలకు ఇప్పటికీ చెప్పే మర్యాద వయసు ఎంతో ఈ చిన్న వివరంలో తెలుస్తుంది.

ఆ ప్రయాణంలోనే సోణుడు బుద్ధుడి మాట విన్నాడు, సన్యసించాడు. రాజగృహం పక్కన శీతవనంలో ఉంటూ సాధన మొదలుపెట్టాడు. సాధన అంటే అక్కడ నడక. ఒక గీత మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, మనసును నిలిపి నడవాలి. చంక్రమణం అంటారు. సోణుడు ఆగలేదు. నేల ఎరగని పాదాలు పగిలాయి. పగిలినా నడిచాడు. నడిచే దారి పశువులను కోసే చోటులా నెత్తురయిందని ఆ గ్రంథం చెబుతుంది. అంత చేసినా మనసు విడుదల కాలేదు. ఇంత పట్టుదల ఉన్న శిష్యుల్లో నేనూ ఒకణ్ని, అయినా ఫలితం లేదు, ఇంట్లో సంపద ఉంది, వెనక్కి పోయి దానధర్మాలు చేసుకుంటూ బతికితే పోలా అనుకున్నాడు.

ఏ సాధకుడైనా ఏదో ఒక రాత్రి ఇలాగే అనుకుంటాడు. పందేనికి మూడు వారాల ముందు, మోకాలు వాచి, నిద్ర పట్టక, వేగం పెరగాల్సింది పోయి తగ్గుతున్నప్పుడు సైకిల్‌ని గోడకు ఆనించి కూర్చున్న మనిషి మనసులోనూ సరిగ్గా ఇదే లెక్క నడుస్తుంది. చేయగలిగినదంతా చేశాను, ఇంకేం మిగిలింది?

బుద్ధుడు వచ్చి ముందు ఆ నెత్తుటి దారి చూశాడు. తరువాత సోణుడి దగ్గరికి వెళ్లాడు. మెచ్చుకోలేదు, మందలించలేదు. ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు వీణ బాగా వాయించేవాడివి కదా అని అడిగాడు. తీగలు మరీ బిగిస్తే పలికేదా, మరీ వదులైతే పలికేదా అని అడిగాడు. రెండూ పలకవని వాయించేవాడికి ఒకరు చెప్పాలా? అతి పూనికతో మనసు చెదురుతుంది, చాలని పూనికతో మందగిస్తుంది, ఆ రెంటి మధ్య శ్రుతి పట్టుకో అన్నది బుద్ధుడి సలహా.

ఈ ఉపమానం తెలియనివాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని సగానికి సగం అన్న అర్థంలో తీసుకుంటారు. ఎక్కువ తినకు, తక్కువ తినకు, మధ్యస్థంగా ఉండు అన్నట్టు. వీణ పట్టినవాళ్లకు అది అలా వినిపించదు. శ్రుతి అంటే రెండు కొసలకు నడుమ గీసిన గుర్తు కాదు. ఒక తీగకు ఒక్కటే సరైన బిగువు ఉంటుంది. వెంట్రుకవాసి తప్పినా చెవికి గుచ్చుకుంటుంది. పైగా అది నిలవదు. సోణుడి చేతిలోది మనం సరస్వతి ఒళ్లో చూసే వీణ కూడా కాదు. అప్పటి వీణ విల్లులా వంగిన కొమ్ముకు తీగలు కట్టిన వాద్యం. దాని రూపు చూడాలంటే అమరావతి శిల్పాల్లో చూడొచ్చు, పాలరాతిని పోలిన ఆ పలకల మీద వాయిస్తున్నవాళ్ల చేతుల్లో ఉంది. అప్పటి తీగలు నేటి ఉక్కుతీగలు కావు. చెమ్మకు ఒకలా, ఎండకు ఒకలా మారేవి. అంటే శ్రుతి ఒకసారి చేసి వదిలేసే పని కాదు, కూర్చున్న ప్రతిసారీ చేయాలి. బుద్ధుడు సోణుడికి చెప్పింది తగ్గమని కాదు, వినమని.

కొండల్లో సైకిల్ తొక్కేవాళ్ల పెడల్‌కు అచ్చంగా ఇలాంటి బిరడ ఒకటుంది. ఆ కథ చెప్పుకోదగ్గది. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ అనే సంస్థ, మంచుమీద జారే స్కీలకు బూటును బిగించే ఏర్పాటును చూసి, రోడ్డు సైకిళ్లకు అలాంటి పెడల్ తెచ్చింది. తోలు పట్టీలతో కాలిని కట్టేసుకునే పాత పద్ధతి పోయింది. కానీ ఆ బూట్ల అడుగున పెడల్‌ను పట్టుకునే ముక్క, క్లీట్ అంటారు, బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాంతో నాలుగు అడుగులు నడిస్తే బాతు నడకే. కొండబాటలో అది కుదరదు, దిగాలి, తొయ్యాలి, వాగు దాటాలి. 1990లో షిమానో సంస్థ ఎస్‌పీడీ అనే పెడల్ తెచ్చి, క్లీట్‌ను రెండు బోల్టులతో బిగించే చిన్న ఉక్కుముక్కగా మార్చి, బూటు రబ్బరు పళ్ల నడుమ పల్లంలో దాచింది. తొక్కేటప్పుడు కాలు పెడల్‌కు అతుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితే ఊడి వస్తుంది. నేల మీద రబ్బరు ఆనుతుంది. ముప్పయ్యేళ్లు దాటినా కొండబూటు మూలసూత్రం మారలేదు.

ఆ పెడల్‌లో ఒక చిన్న మర ఉంటుంది. బిగిస్తే పట్టు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మరీ బిగిస్తే రాళ్ల మధ్య సైకిల్ ఆగిపోయినప్పుడు కాలు ఊడి రాదు, మనిషి సైకిల్‌తో సహా చెట్టు కూలినట్టు పక్కకు కూలతాడు. కొత్తగా నేర్చినవాళ్లలో ఈ పాటు పడనివాళ్లు అరుదు. మరీ వదిలితే ఎగుడుదిగుడు దిగుడులో కాలు ఉన్నట్టుండి జారిపోతుంది. సరైన బిగువు మనిషిని బట్టి, బురదను బట్టి, క్లీట్ అరుగుదలను బట్టి మారుతుంది. పుస్తకంలో దొరకదు. మర అరచుట్టు తిప్పి, తొక్కి, మళ్లీ తిప్పి తెలుసుకోవాలి. పట్టు ఉండాలి, విడుదలా దానిలోనే ఉండాలి. ఉపాదానం గురించి, అంటే అంటిపెట్టుకోవడం గురించి, ఎన్ని ప్రసంగాలు విన్నా ఇంత స్పష్టంగా అర్థం కాదేమో.

సాధన సంగతికి వస్తే, ఈ శతాబ్దంలో శాస్త్రం తేల్చింది సోణుడి కథకు దగ్గరగానే ఉంది. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే అమెరికన్ పరిశోధకుడు సుదీర్ఘ క్రీడల్లో అగ్రశ్రేణి వాళ్ల సాధన ఎలా ఉంటుందో లెక్క తీశాడు. వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలికగా, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ చేయగలిగినంత నెమ్మదిగా ఉంటుంది. మిగిలిన 20 శాతమే ఒళ్లు విరిచేది. ఔత్సాహికులు చేసే పొరపాటు దీనికి ఎదురుగా ఉంటుంది. వాళ్లు తేలిక రోజున తేలికగా ఉండలేరు. ఆయాసం రాకపోతే ఆ రోజు దండగ పోయినట్టు వాళ్లకు అపరాధభావం. దాంతో ప్రతిరోజూ కాస్త కష్టంగా తొక్కి, నిజంగా కష్టంగా తొక్కాల్సిన రోజున కాళ్లలో ఏమీ మిగలక కూర్చుంటారు. కండ బలపడేది తొక్కేటప్పుడు కాదు, తొక్కి వచ్చి తిని పడుకున్నాక. పందేనికి ముందు ఒకటి రెండు వారాలు సాధన తగ్గించుకోవాలని ప్రతి శిక్షకుడూ చెప్పేది అందుకే. ఆ తగ్గింపే చాలామందికి అన్నిటికంటే కష్టమైన సాధన. నొప్పి కనబడకపోతే నమ్మకం పోతుంది వాళ్లకు. సోణుడికీ నెత్తురు కనిపించిన ఆ దారి ఏదో ఒక రుజువులా అనిపించి ఉండాలి.

బూటు విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది, తలకిందులుగా. కార్బన్ సోలు ఉన్న, అస్సలు వంగని బూటు తొడిగితే శక్తి మిగులుతుందని అందరి నమ్మకం. లెడ్‌విల్ ఉన్న రాష్ట్రంలోనే, బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆషర్ స్ట్రా, రోజర్ క్రామ్ ఈ సంగతి కొలిచి 2016లో ప్రకటించారు. ఒక మోస్తరు వేగంతో నిలకడగా తొక్కేటప్పుడు, మామూలు పరుగుబూట్లతో చదును పెడల్ మీద తొక్కినా, గట్టి సోలూ క్లీటూ ఉన్న బూట్లతో తొక్కినా ఒంటికి అయ్యే ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పూర్తి బలంతో ఎగదన్నే క్షణాల్లో, రాళ్ల మీద కాలు జారకుండా ఉండటంలో క్లీట్ ఉపయోగం వేరు. కానీ పది గంటల మామూలు తొక్కుడులో బూటు పెద్దగా ఏమీ ఇవ్వదు.

తీసుకునేది మాత్రం చాలా ఉంది. గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. బొటనవేలి మొదట ఉండే మెట్ట దగ్గర, వేళ్ల ఎముకల నడుమ సాగే నరాలు నలిగి, అరికాలు ముందు భాగం మండుతుంది, తరువాత మొద్దుబారుతుంది. క్లీట్ బాగా ముందుకు ఉంటే ఆ బరువంతా ఒక్క చోటే పడుతుంది. అందుకే దూరం తొక్కేవాళ్లు దాన్ని కొద్దిగా మడమ వైపుకు జరుపుకుంటారు. క్లీట్ కోణం కొద్దిగా తప్పినా ఆ తప్పు మోకాలి దాకా పోతుంది, ఎందుకంటే పదిగంటల్లో ఆ మోకాలు వేలవేల సార్లు అదే తప్పును తిరగతొక్కుతుంది. ఇక నడక. వంగని సోలుతో నిటారు ఎక్కుడులో అడుగు వేస్తే, బూటు వంగదు కాబట్టి మడమ లోపల లేస్తుంది. లేచిన ప్రతిసారీ పైచర్మం ఒకవైపు, లోపలి కండ ఒకవైపు లాగుతాయి. చెమటకు నానిన చర్మం పొరలుగా విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. బొబ్బ అంటే అదే. కొలంబైన్ పైభాగంలోనూ పవర్‌లైన్ మీదా కొందరిని ఓడించేది ఊపిరితిత్తులకంటే ముందు ఈ రూపాయి బిళ్లంత నీటిపొక్కు. వాళ్లు తొక్కడానికి వారానికి పది గంటలు సాధన చేశారు. అదే బూట్లతో సైకిల్ తోసుకుంటూ కొండ ఎక్కడం ఒక్కరోజు కూడా చేయలేదు.

సోణుడి కథలో వీణ దగ్గరే ఆగిపోయేవాళ్లు తరువాతి భాగాన్ని వదిలేస్తారు. అసలు విషయం అందులో ఉంది. బుద్ధుడు ఆ నెత్తురు చూసిన వెంటనే చెప్పులు ఇవ్వలేదు. ముందు శ్రుతి మాట చెప్పాడు. సోణుడు తన పూనికను సవరించుకున్నాడు, సాధన ఫలించింది, ముక్తి పొంది అర్హంతుడయ్యాడు. చెప్పుల మాట ఆ తరువాత వచ్చింది. నువ్వు సుకుమారంగా పెరిగినవాడివి, ఒంటి పొర చెప్పులు నీకు అనుమతిస్తున్నానన్నాడు. ఈ వరుస గమనించదగ్గది. చెప్పులు తొడిగితే ముక్తి వస్తుందని ఆ కథ చెప్పదు. నెత్తురు కారితే వస్తుందనీ చెప్పదు. పాదం పగలడం సాధనలో దొర్లిన పొరపాటుకు గుర్తు. పొరపాటు దిద్దుకున్నాక పాదాన్ని ఇంకా పగలగొట్టుకోవడంలో పుణ్యమేమీ లేదు. నేటి పందెగాళ్లు చాలామంది దీన్ని వెనక నుంచి మొదలుపెడతారు. ముందు ఖరీదైన బూటు కొంటారు, శ్రుతి సంగతి తరువాత.

సోణుడి జవాబు ఇంకా గొప్పది. ఎనభై బండ్ల బంగారాన్ని, ఏడు ఏనుగులున్న దండును వదిలి వచ్చినవాణ్ని, ఇప్పుడు ఒక జత చెప్పులకు అంటుకుపోయాడని లోకం అంటుంది, సంఘంలో అందరికీ అనుమతిస్తే తొడుగుతాను, నాకొక్కడికే అయితే వద్దు అన్నాడు. దాంతో బుద్ధుడు భిక్షువులందరికీ ఒంటి పొర చెప్పులు అనుమతించాడు. వసతి తప్పా ఒప్పా అన్న చర్చను ఆ మనిషి ఒక్కసారిగా ఇంకో చోటికి తీసుకుపోయాడు. నొప్పి తగ్గించుకోవడం బలహీనత అవునా కాదా అని అడగటం మానేసి, ఆ వసతి పక్కవాడికి అందుతుందా అని అడిగాడు. ఒక బూటు ధరకు ఊళ్లో ఒక మామూలు సైకిలే వచ్చే ఈ క్రీడలో ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపించాలి.

ధర కంటే పాదానికి అలవాటైన చెప్పే ముఖ్యమనడానికి లెడ్‌విల్ కొండలు ఒక సాక్ష్యం చూశాయి. మెక్సికోలోని కాపర్ కాన్యన్ లోయల నుంచి రారామురి తెగ పరుగువీరులు 1992లో అక్కడి పరుగుపందేనికి వచ్చి పూర్తి చేయలేకపోయారు. 1993లో మళ్లీ వచ్చారు. పాత టైర్లు కోసి, తోలు తాళ్లు కట్టిన తమ వరాచె చెప్పులతో పరుగెత్తారు. మన ఊళ్లలో రిక్షా తొక్కినవాళ్లూ కూలికి పోయినవాళ్లూ అరిగేదాకా వేసిన టైరు చెప్పులకు చుట్టాలే అవి. ఆ ఏడాది వంద మైళ్ల పందెంలో మొదట వచ్చినవాడు విక్టోరియానో చుర్రో, వయసు 55. పేదరికంలో ఏదో మహిమ ఉందని దీనికి అర్థం చెప్పడం ఆ మనుషులకు అన్యాయం. చిన్నప్పటి నుంచి ఆ చెప్పులతో, అలాంటి లోయల్లో పరుగెత్తిన పాదాలవి. పాదం, చెప్పు, నేల మూడూ ఒకదాన్నొకటి ఎరిగి ఉన్నాయి.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక మాట అడగవచ్చు. మరి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పులు లేకుండా తిరిగేవాళ్ల సంగతేమిటి? అలిపిరి నుంచి 3,550 మెట్లు వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లు, ఏప్రిల్ ఎండలో బండ కాలుతున్నా ఆగని ముసలమ్మలు? వాళ్లది శ్రుతి తప్పిన సాధనేనా?

అలా అనడం తొందరపాటు. చెప్పులు విప్పడంలో రెండు వేరువేరు పనులున్నాయి. గుడి ముందు విప్పినా, దీక్షలో విప్పినా, అది ఒక హోదాను పక్కన పెట్టడం. నేను ఫలానా అనే దాన్ని గడప బయట వదలడం. మాల వేసుకున్న ఇంజనీరూ ఆటో డ్రైవరూ ఒకరినొకరు స్వామీ అని పిలుచుకునే ఆ 41 రోజుల్లో ఇద్దరి పాదాలూ ఒకే దుమ్ములో ఉంటాయి. అక్కడ నొప్పి ఉంటే ఉండవచ్చు, కానీ దాని కోసం ఎవరూ వెతుక్కోరు. రోడ్డు మీద గాజుపెంకు కనబడితే ఏ స్వామి అయినా పక్కకు తప్పుకుంటాడు. సోణుడు చెప్పులు వద్దన్నదీ ఈ వరసలోదే, అందరితో సమానంగా ఉండటం కోసం. కాళ్లు పగిలేదాకా నడిచింది వేరు. అక్కడ నొప్పే కొలత అయిపోయింది.

జైన మునులు ఈ మాట ఒప్పుకోరు, వాళ్ల వాదాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు కూడా. జీవితాంతం వట్టి కాళ్లతో ఊరూరా విహరించే ఆ సంప్రదాయంలో తపస్సు పాతకర్మను రాల్చేస్తుంది, దాన్ని నిర్జర అంటారు. కష్టం అక్కడ నిజంగానే పనిచేసే సాధనం, కొలత మాత్రమే కాదు. కాలి కింద పురుగు నలగకూడదన్న జాగ్రత్త కూడా ఆ వట్టి కాళ్లలో ఉంది. విచిత్రం ఏమిటంటే బౌద్ధ వినయమూ ఆ పురుగును మరవలేదు. కొందరు భిక్షువులు కర్రపాదుకలు వేసుకుని తెల్లవారుజామున టకటకమని తిరుగుతూ, పెద్దగా కబుర్లు చెప్పుకుంటూ, ధ్యానంలో ఉన్నవాళ్లను కదిలించి, పురుగులను తొక్కి చంపారని, అందుకే కర్రపాదుకలు నిషిద్ధమయ్యాయని అదే అధ్యాయం చెబుతుంది. రంగురంగుల చెప్పులూ వద్దన్నారు. ఒక వసతిని అనుమతించాక అది అలంకారం కాకుండా, పక్కవాడికి బాధ కాకుండా చూడటం ఎంత పనో ఆ నియమాల వరస చదివితే తెలుస్తుంది.

ఆ నియమాలు రాతి మీద గీతలూ కావు. అవంతి దేశంలో ఉన్న మహాకచ్చానుడనే భిక్షువు తన శిష్యుడి ద్వారా బుద్ధుడికి ఒక విన్నపం పంపాడు. అక్కడి నేల నల్లది, గట్టిది, పశువుల గిట్టలకు గుంటలు పడి ఎండిపోయి గుచ్చుకుంటుంది, ఒంటి పొర చెప్పులు చాలవని. బుద్ధుడు ఒప్పుకున్నాడు. తాను తిరిగిన మధ్యదేశానికి వెలుపల ఉన్న ప్రాంతాలన్నిటిలో పలు పొరల చెప్పులు వేసుకోవచ్చన్నాడు. ఆ లెక్కన కృష్ణ ఒడ్డున, అమరావతి దగ్గరి ధాన్యకటకంలో ఉన్న భిక్షువులకూ మందపాటి చెప్పులు చెల్లుతాయి. నల్లరేగడి ఎండాకాలంలో ఎలా నెర్రెలు విచ్చుతుందో, ఆ అంచులు ఎలా కోస్తాయో తెలిసిన ప్రాంతం ఇది. ధర్మం ఒకటే, చెప్పు మాత్రం నేలను బట్టి. అదే అమరావతిలో బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కని చోట్ల ఆయన ఉన్నాడని చెప్పడానికి శిల్పులు చెక్కింది రెండు పాదాలను.

కొండబూటు కొనేవాళ్లు మహాకచ్చానుడిలాగే ముందు నేలను చూడాలి. దుకాణంలో కార్పెట్ మీద నాలుగడుగులు వేసి కొనే బూటు పవర్‌లైన్‌ను ఎరగదు. సాయంత్రం, పాదం ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి కొలుచుకోవాలి. వేళ్లకు చోటుండాలి, మడమ కదలకూడదు. సోలు తొక్కడానికి చాలినంత గట్టిగా, రాతి మీద నడవడానికి చాలినంత పట్టుగా ఉండాలి. పందేనికి నెలల ముందే తొడిగి, తడిపి, ఆరబెట్టి, దానితో కొండ ఎక్కి దిగి, పాదానికీ దానికీ ఎక్కడ పడటం లేదో కనుక్కోవాలి. కొత్త బూటుతో పందెం రోజున గీత మీద నిలబడకూడదని అనుభవం ఉన్న ప్రతివాడూ చెబుతాడు.

ఆ తోలు అధ్యాయంలోనే ఇంకో చిన్న ఘట్టం ఉంది. బుద్ధుడు రాజగృహంలో భిక్షకు వెళుతుంటే వెనక ఒక భిక్షువు కుంటుతూ వస్తున్నాడు. పలు పొరల చెప్పులు వేసుకున్న గృహస్థు ఒకడు బుద్ధుణ్ని దూరం నుంచి చూసి చెప్పులు విప్పి నమస్కరించాడు. వెనక వస్తున్న భిక్షువును ఎందుకు కుంటుతున్నారని అడిగాడు. పాదాలు పగిలాయన్నాడు భిక్షువు. అయితే ఇవి తీసుకోండి అని గృహస్థు తన చెప్పులు ముందుకు జరిపాడు. పలు పొరలవి మాకు కూడదన్నాడు భిక్షువు. బుద్ధుడు వెనక్కి చూసి, తీసుకో అన్నాడు. అప్పటి నుంచి ఒకరు తొడిగి విడిచిన చెప్పులైతే ఎన్ని పొరలున్నా భిక్షువులు వేసుకోవచ్చని, కొత్తవి మాత్రం కూడదని నియమం అయింది. ఆ వీధిలో గృహస్థు వట్టి కాళ్లతో ఇంటికి పోయాడు. భిక్షువు, ఇంకా వేడి ఆరని ఆ అరిగిన చెప్పుల్లో కాళ్లు పెట్టి, పాత్ర సర్దుకుని, బుద్ధుడి వెనక నడిచాడు.